ఆగ్నేయ మూలలో వైఫై డబ్బా

మిరపకాయలు కల్లాలకు చేరిన రోజుల్లో మా ఇంట్లో కంప్యూటర్ ఎవరూ ముట్టుకోకుండానే పనిచేయడం మొదలుపెట్టింది. దాని వెనక, తీగ గుచ్చే చోట, చిన్న ఆకుపచ్చ దీపం ఉంటుంది. బయటి నుంచి సమాచారం వస్తున్నప్పుడు అది మిణుకుమంటుంది. నేను ఇంటర్నెట్ జోలికి పోకుండా, ఖాళీ పేజీ తెరుచుకుని వ్యాసం మొదటి వాక్యం కోసం తల గోక్కుంటున్నప్పుడు కూడా అది పూనకం వచ్చినట్టు కొట్టుకుంటోంది. నాకు పూనకాల మీద నమ్మకం లేదు.

చాలాకాలం కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. అంతకంటే ఎక్కువ కాలం సభల్లో వాదించాను. జాతకాలు, ముహూర్తాలు, బాబాలు, దిష్టి గుమ్మడికాయలు, దేన్నీ వదల్లేదు. మా చర్చా సంఘంలో పెద్దలు మాకు నేర్పింది ఒకటే: ఎదుటివాడు ఎంత గొంతు పెంచినా నువ్వు అడగాల్సింది ఆధారం. ఆ దీపాన్ని కూడా ఆధారమే అడుగుదామనుకున్నాను. మా అమ్మాయి ఉద్యోగం దానితో ముడిపడకపోతే తీరిగ్గా అడిగేవాణ్ణి.

అమ్మాయిది మంగళగిరిలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు. పని మాత్రం ఇక్కడ, చిలకలూరిపేట దాటాక నల్లరేగడి మధ్యనున్న మా ఊళ్లో, మా ఇంటి వెనక గదిలో. బాబుకు ఇంకా ఏడాది నిండలేదు, తల్లిపాలే తాగుతున్నాడు. అల్లుడు మా దగ్గరే ఉండి పొలం చేస్తున్నాడు. ఊరు దాన్ని ఇల్లరికం అంటుంది. పెళ్లయితే ఆడపిల్లే ఎందుకు ఇల్లు మారాలని నేను జీవితమంతా ఉపన్యాసాలిచ్చాను. మా అల్లుడు ఒక్క ఉపన్యాసం కూడా ఇవ్వకుండా మారి చూపించాడు.

కొంతకాలంగా అమ్మాయి వీడియో మీటింగులు తెగిపోతున్నాయి. ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ అవతలివాళ్ల తెర మీద నోరు తెరిచి బొమ్మలా నిలిచిపోతోందట. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి ఆఖరి మాట వచ్చింది. సోమవారం పొద్దున కస్టమర్లతో పెద్ద మీటింగు. అందులో ఆమే మాట్లాడాలి. అది కూడా తెగితే మంగళవారం నుంచి రోజూ ఆఫీసుకొచ్చి కూర్చోవాలి. పోయి రావడానికే సగం రోజు పడుతుంది. బాబు సీసా నోట పెడితే ఉమ్మేస్తాడు.

"కుదరకపోతే మానేస్తాలే నాన్నా" అంది అమ్మాయి, తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తూ.

ఆ మాట నాకు మింగుడుపడలేదు. ఆడపిల్ల ఉద్యోగం మానడానికి మొగుడు కారణం కావడం చూశాను, అత్తగారు కారణం కావడం చూశాను. ఒక తీగ కారణం కావడం ఒప్పుకోదలుచుకోలేదు.

కంప్యూటర్‌లోకి వచ్చే ప్రతి ముక్కనూ వరసగా చూపించే ప్రోగ్రాం ఒకటి ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ఎక్కించి చూశాం. వరసలు వాగులా పారాయి. అన్నిటిలోనూ పంపినవాడి అడ్రసు ఒకటే, చేరాల్సిన అడ్రసూ ఒకటే. కానీ ఆ చేరాల్సిన అడ్రసు నా కంప్యూటర్‌ది కాదు. 239తో మొదలవుతోంది. మా ఇంట్లో ఏ వస్తువుకూ అలాంటి అడ్రసు లేదు.

"ఇది మల్టీకాస్ట్ నాన్నా" అంది అమ్మాయి. "ఒకరికి పంపేది కాదు, గుంపుకి పంపేది. గుంపులో చేరతామని ఎవరు అడిగితే వాళ్లకి."

నాకు మా చర్చా సంఘం కరపత్రం గుర్తొచ్చింది. ఉత్తరం ఒక్కరికే చేరుతుంది, దండోరా ఊరంతటికీ వినపడుతుంది. కరపత్రం ఈ రెండింటికీ మధ్యది. పేరిచ్చిన సభ్యులకే అందాలి. పంచేవాడికి సభ్యులెవరో తెలియకపోతే వీధిలో ప్రతి గడపలోనూ ఒకటి విసిరిపోతాడు. నా కంప్యూటర్ గడపలో పడుతున్నవి అలా విసిరినవే.

"మరి మనింట్లో సభ్యత్వం తీసుకున్నది ఎవరు?"

"అదే తెలియడం లేదు. ఎవరో దూరారేమో."

అప్పటి నుంచి నా బుర్రలో కూడా ఒక దొంగ తిరగడం మొదలుపెట్టాడు. ఏ దేశంలోనో చీకటి గదిలో కూర్చుని మా ఇంటి మీద కన్నేసినవాడు. ఆ సంగతి మా అక్కతో చెప్పాను.

అక్క నాకంటే పెద్దది. బావ పోయాక మా ఇంటికొచ్చింది. నా భార్య పోయాక ఇంటికి యజమానురాలైంది. కల్లంలో కూలీల చేత మిరపకాయలు ఎండబోయించడం నుంచి బాబుకు నలుగు పెట్టడం దాకా అన్నీ ఆమె చేతిమీదే జరగాలి. దేవుడు లేడని నేనెంత గట్టిగా చెబుతానో, ఉన్నాడని ఆమె అంత గట్టిగా చెబుతుంది. భోజనం దగ్గర మా ఇద్దరి సభ రోజూ జరుగుతుంది.

"దొంగా లేడు, దొరా లేడు. ఏదో గాలి సోకింది ఆ డబ్బాకి" అంది.

"గాలేంది అక్కా? ఎక్కడైనా కనపడిందా నీకు?"

"నీ దొంగ కనపడ్డాడా?"

"లేదనుకో."

"అయితే ఇద్దరం ఒకటేగా. నువ్వు నవ్వడమెందుకు? అన్నం తిను."

నిజమే. ఆధారం లేని దొంగకీ ఆధారం లేని దయ్యానికీ తేడా చొక్కా ఒక్కటే. దొంగను మానేసి తీగల సంగతి చూద్దామని శనివారం పొద్దున్నే లేచాను.

మా ఇంటికి ఈ చలికాలంలోనే కొత్త తీగ వచ్చింది. టీవీ, ఇంటర్నెట్, ఫోను, మూడూ దాంట్లోనే. కేబులాయన వరండా గోడకు ఒక డబ్బా బిగించి, అక్కడి నుంచి లోపలికి ఒకే ఒక్క తీగ లాగి, హాల్లో ఆగ్నేయ మూలనున్న అరమీద తీగలు పంచే చిన్న పెట్టె పెట్టాడు. అందులోంచి ఒకటి వైఫై డబ్బాకి, ఒకటి నా కంప్యూటర్‌కి, ఒకటి టీవీ కింది సెట్‌టాప్ బాక్సుకి. పద్ధతి తేలికే. ఒక్కోదాన్నీ పీకాలి, వరసలు ఆగాయేమో చూడాలి.

మొదట సెట్‌టాప్ బాక్సు తీగ పీకాను. గదిలోకి పరుగెత్తి చూశాను. వరసలు పారుతూనే ఉన్నాయి. దీని తప్పు లేదు. మళ్లీ హాల్లోకి వచ్చి, దాన్ని గుచ్చేసి, వైఫై తీగ పీకి పరుగెత్తాను. పారుతూనే ఉన్నాయి. దీని తప్పూ లేదు. ఇద్దరు ముద్దాయిలనూ నిర్దోషులని విడిచిపెట్టేసరికి గుమ్మంలో దగ్గు వినపడింది.

వచ్చినాయన మా పక్కింటివాడు. సెంటర్లో విత్తనాల కొట్టు నడుపుతాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు ఇల్లు కట్టినా వాస్తు చెబుతాడు. మా అక్క ముందురోజే ఆయన చెవిన వేసింది.

"మాస్టారూ, మీరు నమ్మరని తెలుసండి. అయినా చెప్పడం నా ధర్మం. ఆగ్నేయం అగ్నిది. ఈ డబ్బా గాలి మీద పనిచేసేది. గాలిని తీసుకుపోయి నిప్పులో పెట్టారు. వాయవ్యంలో పెట్టండి, సర్దుకుంటది."

"ఏవండీ, మీ ఆగ్నేయంలో గ్యాసు పొయ్యి ఉందిగా. గాలి లేకుండా మండుతోందా అది?"

"మీతో నేను వాదించలేనండి."

"వాదించొద్దు. ఆధారం చూపించండి."

"చూపిస్తాగా. జరిపి చూడండి."

ఇక్కడ ఆయన నన్ను నా తాడుతోనే కట్టేశాడు. చేసి చూడమన్నవాడితో చెయ్యనని చెప్పే హక్కు నాకు లేదు. పైగా అమ్మాయి బాబును చంకనేసుకుని వచ్చి, "జరుపుదాం నాన్నా, పోయేదేముంది" అంది. అన్నీ కట్టేసి, చిన్న పెట్టెనూ వైఫై డబ్బానూ వాయవ్యంలో పచ్చడి జాడీల పక్కన పెట్టాం. కంప్యూటర్ తీగ అందింది. సెట్‌టాప్ బాక్సు తీగ అందలేదు. సాయంత్రం చూద్దాంలే అని దాన్ని అలాగే వదిలేశాం.

కంప్యూటర్ పెట్టాను. తెర ఖాళీగా ఉంది. వాగు ఎండిపోయింది. అమ్మాయి స్నేహితురాలికి వీడియో చేసింది. మాట మాటా, నవ్వు నవ్వూ స్పష్టంగా వచ్చాయి. వాస్తు ఆయన కనీసం నవ్వనైనా లేదు. "ఉంటానండి, కొట్టు తియ్యాలి" అని వెళ్లిపోయాడు. ఆ వినయమే నన్ను ఎక్కువ కాల్చింది.

మధ్యాహ్నానికి వార్త ఊరంతా పాకింది. టీ కొట్టు దగ్గర నాతో బళ్లో చదువుకున్నవాడు నన్ను చూసి గ్లాసు పక్కన పెట్టాడు.

"ఏరా, నువ్వు కూడా వాస్తు చూపించుకున్నావంట?"

"చూపించుకోలేదురా. ఒక ప్రయోగం చేశాం."

"ఆ ప్రయోగాన్నే మేం వాస్తు అంటాంరా."

కొట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను. అమ్మాయి ఉద్యోగం నిలబడితే చాలు, నేను ఓడితే ఏమని పైకి అన్నాను. లోపల మాత్రం మిరపకాయ కొరికినట్టే ఉంది.

సాయంత్రం అక్క కల్లం నుంచి వచ్చి టీవీ పెడితే బొమ్మ రాలేదు. అల్లుడు పేట వెళ్లి పొడుగు తీగ తెచ్చి గోడ వెంట లాగి కలిపాడు. అక్క భక్తి చానెల్లో హారతి చూసి కళ్లకద్దుకుంది. ఇల్లు చల్లబడింది.

ఆదివారం పొద్దున అమ్మాయి మర్నాటి మీటింగుకి తోటి ఉద్యోగినితో ఒకసారి మాట్లాడి చూసుకుంటోంది. నాలుగు మాటలు కాకముందే బొమ్మలా నిలిచిపోయింది. కంప్యూటర్ చూశాను. వాగు మళ్లీ నిండుగా పారుతోంది.

అక్క కబురంపితే వాస్తు ఆయన వచ్చి ఇల్లంతా తిరిగాడు. "తూర్పు కిటికీలో కూడా దోషముందండి" అన్నాడు.

"నిన్న లేని దోషం ఇయ్యాల కిటికీకి ఎట్లా వచ్చిందండీ?" అన్నాను. నాకు ప్రాణం లేచొచ్చింది. నిన్నటికీ ఇవాళ్టికీ మా ఇంట్లో మారింది ఒకటే. పొడుగు తీగ. అంటే సెట్‌టాప్ బాక్సు మళ్లీ కలిసింది. నేను నిర్దోషి అని విడిచిపెట్టిన మొదటి ముద్దాయి.

దాన్ని పీకాను. గదిలోకి పరుగెత్తాను. వరసలు పారుతూనే ఉన్నాయి. కుర్చీలో కూలబడ్డాను.

"ఒరేయ్, వీణ్ణి కాసేపు ఎత్తుకో, నాకు కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరించే పనుంది" అని అక్క బాబును నా ఒళ్లో పడేసింది. వాణ్ణి భుజాన వేసుకుని వరండాలో అటూ ఇటూ తిరిగాను. పత్తి లారీ ఒకటి పోతుంటే చూపించాను. వాడు నా కళ్లద్దాలు లాగి నాకాడు. తుడుచుకోవడానికి గదిలోకి వచ్చాను. తెర ఖాళీ.

ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. నేను పీకిన తీగ పీకినట్టే ఉంది. వాగు మాత్రం ఆగిపోయింది.

అప్పుడు వెలిగింది. సంఘంలో సభ్యుడు ఒకడు చెప్పకుండా ఊరు విడిచిపోతే కరపత్రం ఆ రోజే ఆగదు. ఇంకా ఉన్నారా అని సంఘంవాళ్లు ఒకటి రెండుసార్లు కబురంపి, జవాబు రాకపోతే అప్పుడు ఆపుతారు. తీగ పీకేసిన బాక్సు వెళ్లొస్తానని చెప్పలేదు కదా. కేబులు అవతలివాళ్లు అడిగి, కొద్ది నిమిషాలు చూసి, అప్పుడు ఆపారు. ఆ కొద్ది నిమిషాలు నేను ఆగలేదు. వాస్తు ఆయన మాత్రం పచ్చడి జాడీలు సర్దడం పుణ్యమా అని ఆగాడు.

అమ్మాయి మిగతాది విప్పింది. ఆ ప్రవాహం తీగలోనే కాక వైఫై గాలిలోకి కూడా వస్తోంది. గుంపుకి పంపేదాన్ని అందరికీ అందాలని వైఫై బాగా నెమ్మదిగా పంపుతుంది. "మిర్చి బస్తాల ట్రాక్టరు వెనక ఇరుక్కున్న కారు నాన్నా నా మీటింగు" అంది.

ఒక్కటే మిగిలింది. పగలంతా మా టీవీ కట్టేసే ఉంటుంది కదా. అక్క కల్లంలో ఉంటుంది, మేం చూడం.

"అక్కా, కల్లానికి పోయేటప్పుడు టీవీ కట్టేస్తున్నావా లేదా?"

"కట్టేస్తా. కరెంటు ఊరికే వచ్చిద్దా?"

"బాక్సు?"

"బాక్సెందుకు కట్టేస్తా? లోపల పూజ జరుగుతుంటే."

"లోపలేంది అక్కా, బొమ్మ కనపడదుగా."

"మనకి కనపడదు. ఆయనకి జరుగుద్దిగా. దీపాన్ని నోటితో ఊదం గదరా, దానంతటది కొండెక్కాలి. ఇదీ అంతే. మన వీధిలో ఆడోళ్లందరికీ చెప్పా, అందరం అట్లానే చేస్తున్నాం."

అంటే నేను బాబాల మీద వ్యాసాలు రాస్తున్నంతసేపూ నా కంప్యూటర్‌లోకి అభిషేకాలు, హారతులు, పల్లకీ సేవలు ఒక్క చుక్క పోకుండా వచ్చి పడుతున్నాయన్నమాట. ఊళ్లో ఇంత భక్తి కలిగిన కంప్యూటర్ ఇంకొకటి లేదు. నాకు నవ్వు ఆగలేదు. అమ్మాయి నేల మీద కూర్చుని నవ్వింది. అక్క మాత్రం, "ఇప్పటికైనా నీ ఇంట్లో ఒక వస్తువు బాగుపడింది" అంది.

అయినా నాకు ఇంకో రుజువు కావాలి. బాక్సు మళ్లీ కలిపించాను. కలిపీ కలపగానే వరసలు మొదలయ్యాయి. ఒక్కో చానెల్ పెట్టించి చూస్తే ఒక్కోదానికి ఒక్కో 239 అడ్రసు. నాలుగైదు గుర్తు పెట్టుకుని, గది తలుపు వేసుకున్నాను. అప్పటికి హాల్లో వీధిలోవాళ్లు కొందరు చేరారు. వాస్తు ఆయన తలుపు దగ్గర కాపలా నిలబడ్డాడు.

"అక్కా, సౌండు తీసేసి నీ ఇష్టమొచ్చిన చానెల్ పెట్టు. చెప్పకు."

తెర మీద అడ్రసు మారింది.

"వంటలు" అన్నాను లోపల్నుంచి.

మళ్లీ మారింది.

"వార్తలు."

"ఒరేయ్, సందులోంచి చూస్తున్నావా?"

"సందు లేదమ్మా, నేను నిలబడ్డాగా" అన్నాడు వాస్తు ఆయన.

మళ్లీ మారింది.

"సీరియల్. అదేంటక్కా, ఆదివారం పూట పూజ మానేసి అత్తాకోడళ్ల గొడవ పెట్టావు?"

హాలు గొల్లుమంది. "వేలు తగిలి వచ్చిందిరా" అని అక్క గొణిగింది. వెంటనే అడ్రసు మారింది.

"ఇప్పుడు నీ స్వామి దగ్గరికి వచ్చావు."

ఎదురింటి ఆవిడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టిందట. "మాస్టారికి ఏదో శక్తి వచ్చింది వదినా" అంటోంది. తలుపు తీసేసరికి ఆవిడ నా కాళ్ల వైపు వంగబోతోంది. ఆ క్షణంలో నాకు ఆశ్రమాలు ఎలా పుడతాయో బాగా అర్థమైంది. తలుపు తీయకపోతే చాలు.

"శక్తి కాదమ్మా, లోపలికి రండి" అని అందర్నీ తెర దగ్గరికి తీసుకెళ్లాను. ఏ అడ్రసు ఏ చానెల్‌దో చూపించాను. వాస్తు ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి తలుపు వేశాను. లోపల్నుంచి ఆయన గొంతు వినపడింది: "వంటలు... వార్తలు... అమ్మా, మళ్లీ సీరియల్‌కి వచ్చారేంటి?" తలుపు తీస్తే ఆయన ముఖం వెలిగిపోతోంది. నేను ఆయనతో ఏళ్ల తరబడి వాదించాను. ఒక్కసారి కూడా ఇలా కుర్చీ ఇవ్వలేదు. వాదనకంటే కుర్చీ మంచిదని అప్పుడే తెలిసింది.

మందు కూడా వరండా గోడ మీదే ఉంది. కేబులాయన బిగించిన డబ్బాకి టీవీ కోసమే వేరే రంధ్రం ఉంది, దాని కింద టీవీ అని రాసి కూడా ఉంది. బాక్సు తీగను నేరుగా అందులో గుచ్చితే ప్రవాహం టీవీకే పోతుంది, ఇంటి మీద పడదు. గోడ అవతలి నుంచి ఇంకో తీగ లాగడానికి బద్ధకించి అన్నిటినీ ఒక్క దాంట్లోనే కలిపేశాడు. ఫోన్ చేస్తే ఆయన, "రేపు సాయంత్రం వస్తాం సార్, మిర్చి ట్రాక్టరు తగిలి పక్క ఊరి రోడ్డు మీద తీగలన్నీ తెగాయి" అన్నాడు. మీటింగు రేపు పొద్దున.

"ఆ కాసేపు టీవీ బాక్సు కట్టేస్తాలే" అంది అక్క. సోమవారం పొద్దున టీవీలో శివుడి అభిషేకం. ఆమె ఆ మాట అని రిమోటు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"వద్దు" అన్నాను.

అమ్మాయి నా వైపు వింతగా చూసింది. దేవుడి మీద నాకు జాలేమీ పుట్టలేదు. కానీ నా లెక్క సరిపోవడానికి ఇంకొకరి పూజ ఆపితే అది తర్కం కాదు, పెత్తనం. పెత్తనం మీద కూడా నేను చాలా సభల్లో మాట్లాడాను.

అల్లుడు నిచ్చెన తెచ్చాడు. ఆ పొడుగు తీగనే వెంటిలేటర్ లోంచి వరండాలోకి తీసి, టీవీ అని రాసున్న రంధ్రంలో గుచ్చాం. నిచ్చెన పట్టుకుంది వాస్తు ఆయనే. ఏ దిక్కు నుంచి తీయాలో చెప్పబోయి, నన్ను చూసి, "ఎటు దగ్గరైతే అటు తీయండి" అన్నాడు.

సోమవారం పొద్దున అమ్మాయి వెనక గదిలోకి పోయి తలుపు వేసుకుంది. అక్క బాబును ఒళ్లో పెట్టుకుని సౌండు తీసేసి అభిషేకం చూస్తోంది. నేను నా గదిలో తెర ముందు కూర్చున్నాను. అప్పుడొకటి ఇప్పుడొకటి మామూలు వరసలు పడుతున్నాయి. 239 ఒక్కటి కూడా లేదు. లేచి హాల్లోకి వచ్చాను. టీవీలో పాలు ధారగా పడుతున్నాయి. వెనక గదిలోంచి అమ్మాయి గొంతు తడబాటు లేకుండా, ఇంగ్లీషులో, చక్కగా సాగుతోంది. ఇంట్లో ఆ రెండూ ఒకేసారి నడుస్తుంటే నాకు కూర్చోబుద్ధి కాలేదు. అక్క నన్ను చూసి, "తిరక్కు, వాడు లేస్తాడు" అని సైగ చేసింది. వాడు లేచే ఉన్నాడు. పాలధార వైపు నోరు తెరిచి చూస్తున్నాడు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. అమ్మాయి గుమ్మంలో నిలబడి ఒక్కసారి ఊపిరి వదిలింది.

"ఒక్క చోట కూడా తెగలేదు నాన్నా. ఇక ఇక్కడి నుంచే చెయ్యమన్నారు."

అక్క లేచి బాబును ఆమె చేతుల్లో పెట్టింది. "ఆ స్వామికి అభిషేకం అయింది. ఇక ఈ స్వామికి పాలు పట్టు."

మొదటి స్వామి మీద నాకు అభ్యంతరం ఉంది. రెండో స్వామి మీద లేదు. వాడు అప్పటికే తల్లి కొంగు పట్టి లాగుతున్నాడు.